యాప్‌లో పాప "అండర్‌వెయిట్", బాబు "నార్మల్" అని వచ్చిందా? రెండూ తప్పే

ముందు ప్రశ్న ఏంటో చెప్పేస్తా, మధ్యలో చదివేవాళ్ళకి కూడా అర్థం కావాలి కదా. నిజామాబాద్ నుంచి ఒకావిడ అడిగారు. ఇద్దరు పిల్లలు. పాపకి 6 ఏళ్ళ 3 నెలలు, ఎత్తు 114 సెం.మీ., బరువు 18 కేజీలు. బాబుకి 10 నిండి నెలయింది, ఎత్తు 138, బరువు 42. ఫోన్‌లో ఏదో బీఎంఐ యాప్‌లో కొడితే పాపకి 13.9 అని ఎర్ర రంగులో "సివియర్లీ అండర్‌వెయిట్" వచ్చింది, బాబుకి 22.1 అని పచ్చ రంగులో "నార్మల్" వచ్చింది. ఇంక అత్తగారు మొదలుపెట్టారట, పిల్లకి సరిగ్గా తిండి పెట్టట్లేదు, పుల్లలా ఉంది, బాబుని చూడు ఎంత ముద్దుగా ఉన్నాడో అని. పాపకి ఏ పౌడర్ పాలల్లో కలిపివ్వాలి అన్నది ఆవిడ ప్రశ్న. బాబు గురించి అసలు అడగనే లేదు, లెక్క సరిపోల్చడానికని పక్కన రాశారంతే.

నేను పిల్లల ఆసుపత్రిలో డైటీషియన్‌ని, 17 ఏళ్ళుగా ఇదే పని, రోజూ కనీసం పది మంది పిల్లల ఎత్తు బరువు నా చేతుల మీదుగానే పోతుంది. సూటిగా చెప్తున్నా అండీ, మీ పాప బాగానే ఉంది. మీరు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాల్సింది బాబుని. ఎందుకో చెప్తా, కాస్త పొడుగవుద్ది, ఓపిగ్గా చదవండి.

ఆ యాప్ లెక్క తప్పు చేయలేదు. బరువుని కేజీల్లో తీసుకుని, ఎత్తుని మీటర్లలో తీసుకుని, ఆ బరువుని ఎత్తుతో రెండుసార్లు భాగించడమే బీఎంఐ. 18ని 1.14తో భాగిస్తే 15.79, దాన్ని మళ్ళీ 1.14తో భాగిస్తే 13.85. కరెక్టే. తప్పు ఎక్కడంటే ఆ వచ్చిన నంబర్‌ని అది పెద్దవాళ్ళ పట్టిక పక్కన పెట్టి చూసింది. 18.5 కింద అయితే బక్క, 25 దాటితే లావు, 30 దాటితే ఊబకాయం, ఇదంతా ఎదుగుదల ఆగిపోయిన మనుషులకి. ఈ లెక్కని మొదట కనిపెట్టింది 1830లలో క్వెట్లెట్ అనే బెల్జియం గణిత పండితుడు, ఆయన డాక్టర్ కూడా కాదు, మనుషుల కొలతల మీద సరదా ఉన్నాయన. బాడీ మాస్ ఇండెక్స్ అన్న పేరు 1972లో అన్సెల్ కీస్ అనే అమెరికా శాస్త్రవేత్త, ఆయన బృందం వాళ్ళు పెట్టారు, వాళ్ళు చూసింది కూడా పెద్ద మగవాళ్ళనే. మీ ఆరేళ్ళ పాప కోసం ఎవరూ ఆ 18.5 గీత గీయలేదు. ఆరేళ్ళ పిల్లల్లో బీఎంఐ 18.5 ఉందంటే అది బక్క కాదు, లావు!

ఇక్కడే అసలు విషయం ఉంది. పుట్టినప్పుడు బిడ్డ బీఎంఐ సుమారు 13 పైన ఉంటుంది. ఆరు నెలలకి గబగబా పెరిగి 17 దాకా వస్తుంది, బుగ్గలు, తొడల మీద మడతలు, చేతి మణికట్టు దగ్గర దారం కట్టినట్టు గీత, అందరూ ఎత్తుకునే వయసు. తర్వాత నడక వచ్చి పరుగులు మొదలయ్యాక తగ్గడం మొదలవుతుంది. రెండేళ్ళకి 16, ఐదేళ్ళకి 15.2, 15.3 ఇలా. ఐదు ఆరేళ్ళ మధ్య అట్టడుక్కి చేరుతుంది, అక్కడినుంచి మళ్ళీ మెల్లగా పైకి లేస్తుంది, మగపిల్లలకి పదేళ్ళకి 16.4, పదిహేనేళ్ళకి 19.8, ఇవి డబ్ల్యూహెచ్‌ఓ, అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టులో మధ్య గీత మీద ఉండే అంకెలు, సగం మంది పిల్లలు ఆ గీతకి పైన, సగం మంది కింద ఉంటారు. అంటే ఆరేళ్ళు అనేది మనిషి జీవితం మొత్తంలో దాదాపు అన్నిటికంటే సన్నగా కనిపించే వయసు. పాలబుగ్గలు కరిగిపోతాయి, స్నానం చేయించేటప్పుడు పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు, మోకాళ్ళు బయటికి కనపడతాయి. సరిగ్గా అప్పుడే ఇంట్లో పెద్దాళ్ళు అయ్యో స్కూల్లో వేశాక పిల్ల చిక్కిపోయింది అంటారు. చిక్కిపోలేదండీ, సాగింది.

మీ పాప 13.85. ఆ వయసు ఆడపిల్లలకి మధ్య గీత 15.3, దానికి రెండు మెట్లు కిందుండే మైనస్ 2 గీత 12.7. ఈ 12.7 కిందికి పోతేనే బక్కపలుచన అని మేం రాసుకుంటాం. తను దానికి బాగా పైన ఉంది, మధ్యకి కింద ఉంది. వంద మంది ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని లైన్లో నిలబెడితే కొంతమంది ముందుండాలి, కొంతమంది వెనకుండాలి కదా, అందరూ మధ్యలోనే ఉంటే అది లైనెలా అవుతుంది.

ఒక్క అంకె చూసి నేను కూడా ఇంత ధైర్యంగా చెప్పను నిజానికి. మీరు పాత స్కూల్ కార్డుల్లో అంకెలు కూడా పెట్టారు చూడండి, అది చాలా మంచి పని చేశారు. పాపకి ఐదేళ్ళప్పుడు 107.5 సెం.మీ., 16 కేజీలు. లెక్క వేస్తే అప్పుడు కూడా 13.85! పదిహేను నెలల్లో ఆరున్నర సెం.మీ. పెరిగింది, రెండు కేజీలు ఎక్కింది, తన గీత మీద తను పోతా ఉంది. రైలు పట్టాలు మారలేదు. ఇదే అంకె ఐదేళ్ళప్పుడు 15.5 ఉండి ఇప్పుడు 13.85కి పడి ఉంటే నా జవాబు వేరే ఉండేది, అప్పుడు నులిపురుగులా, రక్తహీనతా, తరచూ విరేచనాలా, టీబీయా, ఏంటని వెతకాలి. మీరు భార్యాభర్తలు ఎలా ఉంటారో రాయలేదు గానీ, సన్నగా ఉండే అమ్మానాన్నలకి సన్నటి పిల్లలు పుట్టడం వింతేమీ కాదు.

పౌడర్ సంగతి. వద్దు. ఆ డబ్బాల్లో చాలా వాటిల్లో చక్కెర బాగా ఉంటుంది, అది తాగి కడుపు నిండి అన్నం దగ్గర నసుగుతారు, మళ్ళీ అన్నం తినట్లేదని ఇంకో గ్లాసు. ఆ డబ్బుకి నెలకి సరిపడా గుడ్లు వస్తాయి. పల్లీలు, గుడ్డు, పప్పులో కాస్త నెయ్యి, పెరుగు, రాగి జావ, అరటిపండు, ఇంతే. బలవంతంగా నోట్లో కుక్కకండి. నులిపురుగుల మాత్ర, అల్బెండజోల్, ఫిబ్రవరి 10, ఆగస్టు 10న స్కూళ్ళల్లో, అంగన్‌వాడీల్లో ఇస్తారు, ఆ రోజు పాప సెలవు పెట్టిందేమో ఒకసారి గుర్తు చేసుకోండి, అంతే. కింది కనురెప్ప లోపల తెల్లగా పాలిపోయి ఉంటే హిమోగ్లోబిన్ చూపించండి.

ఇప్పుడు బాబు. నిజంగా నాకు ఈ పోస్ట్ చూడగానే గుండె కలుక్కుమన్నది బాబు దగ్గరే.

22.1. పెద్దవాళ్ళకైతే బంగారం లాంటి అంకె, నాకుంటే బావుండు అనిపించే అంకె. పదేళ్ళ మగపిల్లాడికి మధ్య గీత 16.4, దానికి ఒక మెట్టు పైనుండే ప్లస్ 1 గీత 18.5, ప్లస్ 2 గీత 21.4, నెల పైన అంటే 21.5 అనుకోండి. ఐదేళ్ళు దాటిన పిల్లలకి డబ్ల్యూహెచ్‌ఓ లెక్కలో ప్లస్ 1 దాటితే అధిక బరువు, ప్లస్ 2 దాటితే ఊబకాయం. బాబు ప్లస్ 2 కూడా దాటేశాడు. మన ఐఏపీ, అంటే ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్ళు 2015లో ఇచ్చిన 5 నుంచి 18 ఏళ్ళ చార్టు ఇంకా స్ట్రిక్ట్. మనవాళ్ళకి తక్కువ బరువులోనే షుగరు, బీపీ వస్తున్నాయని అందులో గీతల్ని పెద్దయ్యాక 23కి, 27కి చేరే గీతలుగా గీశారు. 23 గీత దాటితే అధిక బరువు, 27 గీత దాటితే ఊబకాయం. పదేళ్ళ పిల్లాడి బీఎంఐ 23 ఉండాలని కాదు దానర్థం, ఇప్పుడు ఆ గీత మీద ఉన్న పిల్లాడు అలాగే పోతే పెద్దయ్యేసరికి 23 దగ్గర తేలతాడు అని. ఇది చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు, 23 దాటలేదు కదా మేడమ్ అని నాతో వాదించిన నాన్నలు ఉన్నారు.

అంకె కంటే నన్ను భయపెట్టింది వీడి దారి. మీ కార్డుల్లో చూడండి. ఎనిమిదేళ్ళకి 127 సెం.మీ., 27 కేజీలు, బీఎంఐ 16.7. చక్కగా ఉన్నాడు. తొమ్మిదికి 132, 34 కేజీలు, 19.5. ప్లస్ 1 దాటేశాడు. పదికి 138, 42 కేజీలు, 22.1. ప్లస్ 2 దాటేశాడు. ఈ వయసులో ఏడాదికి రెండు మూడు కేజీలు పెరగడం మామూలు. వీడు ఒక ఏడాది ఏడు, ఇంకో ఏడాది ఎనిమిది. రెండేళ్ళ కింద ఏం మారిందో మీకే తెలియాలి. స్కూల్ మారిందా, ట్యూషన్ పెట్టారా, ఫోన్ ఇచ్చారా, గ్రౌండ్ లేని స్కూల్లో వేశారా. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఈ జవాబు దాదాపు ఎప్పుడూ ఏదో ఒక ఏడాదిని పట్టి ఉంటుంది.

దారి ఎందుకంత ముఖ్యమో ఒక్క ఉదాహరణ చెప్తా, ఇది మన దేశం స్టడీనే. దక్షిణ ఢిల్లీలో 1969 నుంచి 1972 మధ్య పుట్టిన పిల్లల్ని పుట్టినప్పటినుంచి కొలుస్తూ వచ్చి, పెద్దయ్యాక దాదాపు 1500 మందికి షుగర్ టెస్ట్ చేశారు. 2004లో వచ్చింది ఆ పేపర్. షుగరు, షుగరు ముందు దశ వచ్చినవాళ్ళు చిన్నప్పుడు ఎలా ఉండేవాళ్ళంటే, రెండేళ్ళ దాకా బక్కగా ఉండి, ఆ తర్వాత ఇందాక చెప్పానే అట్టడుక్కి చేరి మళ్ళీ పైకి లేవడం, అది వీళ్ళల్లో ముందే మొదలైపోయి, బీఎంఐ గబగబా ఎక్కుతూ వచ్చినవాళ్ళు. పన్నెండేళ్ళ వయసులో వాళ్ళల్లో ఒక్కడు కూడా ఊబకాయం లెక్కలోకి రాలేదు! అంటే గీత దాటడం ఒక్కటే కాదు, గీతలు కోసుకుంటూ పైకి పోవడమే ప్రమాదం. అందుకే నాలుగేళ్ళకే పిల్లాడి బీఎంఐ పెరగడం మొదలైతే మేం అప్పుడే చెవులు నిక్కబొడుచుకుంటాం, ఇంట్లోవాళ్ళు మాత్రం ఇప్పుడే కాస్త ఒళ్ళు పట్టాడండీ అని మురిసిపోతా ఉంటారు.

బాబు విషయంలో ఇంట్లోనే చేయగలిగినవి రెండు చూడండి ఇవాళే.

ఒకటి, మెడ వెనకాల. చొక్కా కాలర్ దించి చూడండి, చర్మం నల్లగా, కాస్త మందంగా, మఖమల్ గుడ్డలా ఉందా? చంకల్లో కూడా. అమ్మలు దాన్ని మురికి అనుకుని సున్నిపిండి పెట్టి, పీచు పెట్టి తోమి తోమి పిల్లాడి మెడ ఎర్రగా చేసి తీసుకొస్తారు నా దగ్గరికి. మొన్నామధ్య ఒక పదకొండేళ్ళ పిల్లాడు నేను కాలర్ మీద చెయ్యి వేయగానే "ఆంటీ నేను రోజూ స్నానం చేస్తా" అన్నాడు, ఎంతమంది ఏమన్నారో పాపం. అది మురికి కాదండీ, ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయక ఎక్కువ ఎక్కువ తయారవుతోందని చర్మం మీద కనిపించే గుర్తు. తోమితే పోదు, బరువు దారిలో పడితే మెల్లగా తగ్గుతుంది.

రెండోది దారం పరీక్ష. బాబుని గోడకి నిలబెట్టి పాదం నుంచి తల దాకా పురికొసో దారమో కొలిచి తెంపండి. దాన్ని సగానికి మడవండి. ఆ సగం దారం బొడ్డు దగ్గర నడుము చుట్టూ వేస్తే రెండు కొసలు కలవాలి. కలవట్లేదంటే పొట్టలో కొవ్వు ఉన్నట్టు. 138 సెం.మీ. పిల్లాడికి నడుము 69 లోపుండాలి. పొట్ట లోపలికి పీల్చొద్దని చెప్పండి, మగపిల్లలందరూ పీలుస్తారు. బీఎంఐకి కొవ్వేదో కండేదో తెలియదు, ఎక్కడుందో కూడా తెలియదు, ఈ దారానికి కొంచెం తెలుసు. మావాడిది కండేమో అని అడుగుతారు, పద్నాలుగు పదిహేనేళ్ళ కబడ్డీ ఆడే పిల్లాడికైతే ఆ డౌట్ నిజమే కావచ్చు, పదేళ్ళ పిల్లాడికి అంత కండ రాదు.

డాక్టర్ దగ్గర బీపీ చూస్తారు, పదేళ్ళు దాటి ఊబకాయం గీత మీద ఉన్నాడు కాబట్టి షుగర్, కొలెస్ట్రాల్, లివర్ టెస్టులు రాయొచ్చు, చేయించండి. థైరాయిడ్ ఏమో అని అందరూ ముందు దానికే పరిగెత్తుతారు. ఒక చిన్న కిటుకు చెప్తా. తిండివల్ల లావైన పిల్లలు సాధారణంగా వయసుకి తగ్గ ఎత్తో, ఇంకాస్త పొడుగో ఉంటారు. లావుగా ఉండి, పొట్టిగా ఉండి, ఎత్తు పెరగడం ఆగిపోయినట్టుంటే అప్పుడు థైరాయిడ్, ఇతర హార్మోన్లు అనుమానించాలి. మీవాడు రెండేళ్ళలో 11 సెం.మీ. పెరిగాడు, వయసుకి తగ్గ ఎత్తులోనే ఉన్నాడు. హార్మోన్ల మీద తోసేసే అవకాశం తక్కువ.

ఇప్పుడు మంచి మాట. వీడు ఒక్క కేజీ కూడా తగ్గక్కర్లేదు. నిజంగా. పెద్దవాళ్ళకి లేని వరం పిల్లలకి ఉంది, ఎత్తు. 42 కేజీల దగ్గరే ఆపి ఉంచండి చాలు. ఏడాదికి 143 సెం.మీ. అవుతాడు, అప్పుడు బీఎంఐ 20.5. ఇంకో ఏడాదికి 149 అనుకోండి, 18.9. పన్నెండేళ్ళకి ప్లస్ 1 గీత 19.9, అంటే ఏ బరువూ తగ్గకుండా మామూలు పిల్లల లెక్కలోకి వచ్చేస్తాడు. ఆ రెండేళ్ళలో మూడు కేజీలు పెరిగాడనుకోండి, 45 కేజీలు, 20.3, గీతకి కొంచెం పైన, అదీ ఫర్వాలేదు. అందుకే డైటింగ్ అనే మాటే వద్దు ఇంట్లో. రాత్రి అన్నం మానిపించడం, యూట్యూబ్ చూసి కీటో, తేనె నిమ్మకాయ నీళ్ళు, వద్దు. ఎదిగే పిల్లాడు.

మరి ఏం చేయాలి? నేను చూసినంతలో ఎక్కువ తేడా కొట్టేది స్కూల్ నుంచి వచ్చిన సాయంత్రం నాలుగున్నరకీ, రాత్రి తొమ్మిదిన్నరకీ మధ్య. మధ్యాహ్నం టిఫిన్ బాక్స్‌లో చల్లారిన పులిహోర సగం తిని వస్తాడు, ఆకలితో బిస్కెట్ ప్యాకెట్ మొత్తం, లేదా వీధి చివర మిర్చి బజ్జీ, దాని మీద ఒక జ్యూస్ ప్యాకెట్, తర్వాత ట్యూషన్, వచ్చి టీవీ ముందు కంచంలో కొండంత అన్నం. ఇంటికి రాగానే నిజమైన తిండి పెట్టండి, ఉడకబెట్టిన శనగలో, గుడ్డో, పెసరట్టో, ఒక పండో. జ్యూస్, కూల్‌డ్రింక్, హెల్త్‌డ్రింక్ ఇంట్లోకే రానివ్వకండి, ఉంటే ఎవరికీ నిగ్రహం ఉండదు, నాకూ ఉండదు. రాత్రి అన్నం తక్కువ వడ్డించి, పప్పు కూర ఎక్కువ వడ్డించి, ఎనిమిది లోపు. రెండోసారి అడిగితే పెట్టండి, కానీ అడగకముందే వడ్డించడం మానేయండి, మన ఇళ్ళల్లో పెద్ద సమస్య ఇదే, ప్రేమంతా గరిటెతోనే చూపిస్తాం. రోజుకో గంట ఒళ్ళు అలిసేలా ఆట. నిద్ర తొమ్మిది గంటలకి తగ్గకూడదు, తక్కువ నిద్రపోయే పిల్లలకి ఆకలి ఎక్కువ, ఇది చాలామంది పట్టించుకోరు. ఇవన్నీ బాబుకి ఒక్కడికే పెట్టొద్దు, పాపకి, మీకు, మీవారికి, అందరికీ అదే వంట. ఒకే ఇంట్లో సన్న పిల్లకి నెయ్యి, లావు పిల్లాడికి గడ్డి అన్నట్టు చేశారంటే ఇద్దరూ చెడతారు.

అత్తగారికి కూడా మెల్లగా చెప్పండి, ఇద్దరి ముందూ బొద్దుగా, పుల్లలా, బండోడు, ఈ మాటలు అనొద్దని. గొడవపడి కాదు, ఆవిడనే పార్కుకి బాబుని తీసుకెళ్ళే డ్యూటీలో పెట్టండి.

కొలతల గురించి చెప్పకపోతే ఇదంతా వృథా. బీఎంఐలో ఎత్తు రెండుసార్లు పడుతుంది కాబట్టి ఎత్తులో చిన్న తప్పు పెద్ద తప్పై కూర్చుంటుంది. బాబు ఎత్తు 138 బదులు 135 అని రాశారనుకోండి, బీఎంఐ 22.1 నుంచి 23కి పోతుంది. నా మొదటి ఉద్యోగంలో ఏమైందో చెప్తా. క్లినిక్ గోడకి కొత్తగా రంగు వేశాక ఎత్తు కొలిచే టేపు మళ్ళీ అంటించారు, నేల దగ్గర నుంచి కాకుండా కింద స్కర్టింగ్ టైల్ అంచు నుంచి ఎత్తి అంటించారు. ఆ నెలంతా వచ్చిన పిల్లలందరూ పోయినసారి కంటే పొట్టిగా, లావుగా తేలారు. నేనేమో సెలవుల్లో మామ్మగారింట్లో తిన్నారేమో అనుకుని అందరికీ డైట్ చార్టులు రాసిచ్చా. చివరికి కనిపెట్టింది నేనూ కాదు, డాక్టరూ కాదు, అక్కడి ఆయా. వాళ్ళ మనవడిని నిలబెట్టి, వీడు రెండు నెలల్లో ఏడు సెంటీమీటర్లు కుంగిపోయాడేంటమ్మా అని నవ్వింది. ఆ రోజు నుంచి ఎక్కడికి వెళ్ళినా ముందు టేపు అడుగు చూస్తా నేను.

వయసు కూడా సరిగ్గా వేయండి. మన దగ్గర స్కూల్లో చేర్చడానికని డేటాఫ్‌బర్త్ జూన్‌కో, ఒక ఏడాది ముందుకో జరిపేసే అలవాటు ఇంకా ఉంది. చార్టులో వేయాల్సింది సర్టిఫికెట్ తేదీ కాదు, నిజంగా పుట్టిన తేదీ. ఏడాది తేడా అంటే గీతే మారిపోతుంది. అబ్బాయి చార్టు వేరు, అమ్మాయి చార్టు వేరు, అది కూడా చూసుకోండి. రెండేళ్ళ లోపు బిడ్డలకి బీఎంఐ జోలికి పోకండి, పడుకోబెట్టి కొలిచిన పొడవుకి తగ్గ బరువుందా అన్నదే చూస్తారు.

ఇంకొక మాట, పర్సెంటైల్ గురించి. అమెరికాలో ఉన్న మనవాళ్ళు వాళ్ళ పీడియాట్రీషియన్ ఇచ్చిన కాగితం ఫొటో పెట్టి 96 పర్సెంటైల్ అండీ అని గర్వంగా రాస్తారు ఒక్కోసారి. బాబూ ఇది జేఈఈ కాదు. బీఎంఐలో 96 అంటే వంద మందిలో 96 మంది కంటే వీడి బీఎంఐ ఎక్కువ అని, అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చార్టులో 85 దాటితే అధిక బరువు, 95 దాటితే ఊబకాయం. అదే పిల్లాడు అక్కడ 80లో ఉండి నార్మల్ అనిపించుకుని, సెలవులకి హైదరాబాద్ వచ్చి ఐఏపీ చార్టులో వేయిస్తే అధిక బరువు అని రావచ్చు. ఎవరూ అబద్ధం చెప్పలేదు, చార్టులు వేరు. ఏదో ఒక చార్టు పట్టుకుని దాంట్లోనే చూస్తూ పోండి. మన పిల్లల విషయంలో నేను ఐఏపీ వైపే, ఐదేళ్ళ లోపైతే ఐఏపీ వాళ్ళు కూడా డబ్ల్యూహెచ్‌ఓ 2006 చార్టునే వాడమంటారు.

బీఎంఐ బాగుందని నిశ్చింతగా ఉండటం కూడా తప్పే. కింద కామెంట్లో ఒకాయన మా బాబుకి 8 ఏళ్ళు, 112 సెం.మీ., 20 కేజీలు, బీఎంఐ 15.9, పర్ఫెక్ట్ కదా అన్నారు. సార్, బీఎంఐ పర్ఫెక్టే. కానీ ఎనిమిదేళ్ళ మగపిల్లాడి ఎత్తు మధ్య గీత 127, మైనస్ 2 గీతే 116. మీవాడు దానికి కూడా కింద ఉన్నాడు. ఎత్తు తక్కువ, బరువు తక్కువ, రెండూ కలిసి తక్కువైతే భాగిస్తే అంకె అందంగా వస్తుంది. ఏడాదికి ఎన్ని సెంటీమీటర్లు పెరుగుతున్నాడో చూడండి, నాలుగు కంటే తక్కువైతే ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టర్‌కి చూపించండి. పాపం ఆయన అడిగింది పొగుడతారేమో అని, కానీ నేను చెప్పక తప్పదు. బీఎంఐ చూసే ముందు ఎత్తు చార్టు చూడాలి, ఎప్పుడూ.

నిజామాబాద్ అమ్మగారికి, ఇప్పుడు మీరు చేయాల్సింది. ఈ ఆదివారం పొద్దున్నే ఇద్దరినీ మళ్ళీ కొలవండి, సాయంత్రం అయ్యేసరికి ఎవరైనా దాదాపు ఒక సెంటీమీటర్ తగ్గుతారు. చెప్పులు సాక్సులు లేకుండా, మడమలు గోడకి ఆనించి, చూపు నేరుగా, నెత్తి మీద గట్టి అట్ట పుస్తకం గోడకి అడ్డంగా పెట్టి పెన్సిల్ గీత గీసి, నేల నుంచి టేపుతో కొలవండి. బరువు కోసం యూనిఫాం, బెల్టు, జేబులో గోళీలు తీసేయండి. బాబు మెడ, దారం పరీక్ష ఏం తేలిందో రాయండి, ఈ వారంలో పిల్లల డాక్టర్‌కి ఆ మూడేళ్ళ కార్డులు పట్టుకెళ్ళి చూపించండి. మూడు నెలలకి ఒకసారి కొలిస్తే చాలు, రోజూ త్రాసు ఎక్కించొద్దు. ఆ, ఇంకోటి, ఫొటోలో పాపకి నడినెత్తిన ముడి వేసి ఉంది. ఆ ముడి మీద పుస్తకం పెట్టి 114 అని రాశారేమో అని నా అనుమానం. అదే అయితే అసలు ఎత్తు 112 అయినా అవ్వొచ్చు, అప్పుడు బీఎంఐ 14.3, ఇంకా మధ్య గీత వైపుకే. ముడి విప్పి కొలవండి.